బేహారిగా వచ్చి వజీరైన విద్వాంసుడు – ఖ్వాజా మహమూద్ గవాన్

మనము నిత్యము వ్రాయుటకు వాడు కాగితమునకు ఆ పేరెట్లు వచ్చినదో ఆలోచించువారు తక్కువ. తెలుగున కాగితమనియు, ఉర్దూలో కాగజ్ అనియు పిలువబడు ఈ మాట పారసీకము నుండి మనకు వచ్చినది. పారసీకులకు ఈ మాటనిచ్చినవారు సోగ్దులని భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయము. సమర్ఖందు, బుఖారా, పంజికెంతు నగరములు ఈ సోగ్దుల నివాసములు. క్రీస్తు శకము నాలుగవ శతాబ్దము మొదలు ఎనిమిదవ శతాబ్దము వరకు చైనా దేశమునకును పడమటి దేశములకును నడుమ వర్తకమును నడపినవారిలో వీరే అగ్రగణ్యులు. 1907లో సర్ ఆరెల్ స్టైన్ అను పురాతత్త్వవేత్తకు చైనా సరిహద్దున దున్‌హువాంగ్ సమీపమునందలి ఒక శిథిలమైన కావలి బురుజులో సోగ్దు వర్తకులు స్వదేశమునకు వ్రాసికొన్న ఉత్తరములు దొరకినవి. సింధునది ఎగువ లోయలో శతియాల్ వద్ద బండలమీద వారు చెక్కుకొన్న పేర్లు నేటికిని కనబడుచున్నవి. సోగ్దు కుటుంబమునకు చెందిన కాంగ్ సెంగ్‌హుయి అను భిక్షువు పూర్వులు భారతదేశమున స్థిరపడినవారు. ఆయన తండ్రి వర్తకము కొరకు నేటి వియత్నాము తీరమునకు వెడలెను. ఆ కుమారుడు క్రీ.శ. 247లో దక్షిణ చైనా రాజధానికి పోయి బౌద్ధ గ్రంథములను చైనా భాషలోనికి అనువదించెను. బేహారి మూటలో పట్టువస్త్రముతోపాటు భాషయు, మతమును, శిల్పమును, శాస్త్రమును ప్రయాణము చేయునని చెప్పుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

సోగ్దు జాతి కాలగర్భమున కలిసిపోయినను, వారు నేర్పిన బాట మూతపడలేదు. మధ్య ఆసియా నుండియు, పారసీకము నుండియు వర్తకులు మన దక్కనునకు వచ్చుచునే యుండిరి. మన గోదావరీ తీరమునకు ఇది క్రొత్త సంగతి కాదు. రామగుండమునకు దూరము కాని ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల గ్రామములలో జరిగిన త్రవ్వకములలో శాతవాహనుల నాటి కట్టడములును, వేలకొలది నాణెములును వెలువడినవి. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, ఓడ పగిలిన వర్తకుని సొత్తును రాజులు హరించు పాత ఆచారమును మాన్పించి, ముప్పదింట ఒక వంతు సుంకము మాత్రమే గైకొందునని దూరదేశ వర్తకులకు మాట ఇచ్చెను. ఇట్లు వచ్చిన బేహారులలో కొందరు సరకులమ్ముకొని వెడలిపోయిరి. కొందరు ఇచ్చటనే నిలిచి, ఈ నేలకు తమ బుద్ధిబలమును ధారపోసిరి. అట్టివారిలో సుప్రసిద్ధుడు ఖ్వాజా ఇమాదుద్దీన్ మహమూద్ గవాన్. ఆయన జీవితము తెలంగాణమున నల్లగొండతో ఆరంభమై ఆంధ్రమున కొండపల్లితో ముగిసినది. కనుక ఆయనను గూర్చి తెలిసికొనుట మన చరిత్రను మనము తెలిసికొనుటయే.

జననము – దేశాంతర గమనము

కాస్పియన్ సముద్రపు దక్షిణ తీరమున గీలాను అను పచ్చని సీమ కలదు. పట్టునకు ఆ సీమ పెట్టినది పేరు. ఆ సీమలోని గవాన్ అను గ్రామమున 1411 ప్రాంతమున మహమూద్ జన్మించెను. ఊరి పేరే ఆయన పేరున చేరినది. ఆయన వంశీయులు గీలాను ప్రభువులయొద్ద మంత్రులుగ నుండిరి. సంపన్న కుటుంబము, ఉన్నత విద్య, రాజాస్థాన పరిచయము – ఇన్నియు ఉన్నను ఆయనకు స్వదేశమున నెమ్మది లేకపోయెను. కొలువులోని కుట్రలు, అసూయాపరుల ద్వేషము ఆయనను పరదేశముల పాలుచేసినవి. రాజసేవ చేయుట కంటె స్వతంత్రముగ వర్తకము చేయుట మేలని తలచి ఆయన బేహారి వృత్తి నవలంబించెను.

ఆ కాలపు వర్తకుడు కేవలము లాభనష్టములు లెక్కించువాడు మాత్రమే కాడు. ఏ నగరమునకు పోయినను సరకు అమ్ముడుపోవు వరకు నెలలతరబడి ఆగవలసియుండును. మహమూద్ ఆ కాలమును పండితుల సన్నిధిని గడపెను. కైరో నగరమున హదీసు విద్యలో ఉద్దండుడైన ఇబ్న్ హజర్ అస్కలానీని దర్శించెను. దమస్కు మున్నగు నగరములలోని విద్వాంసులతో గోష్ఠులు సలిపెను. ఒక చేత త్రాసు, ఒక చేత గ్రంథము పట్టి ఆయన నలువది సంవత్సరములు దాటినాడు.

1453లో ఆయన ఓడ కొంకణ తీరమున దాభోలు రేవును చేరెను. అప్పటికాయన వయస్సు నలువది మూడు సంవత్సరములు. బీదరునందున్న షా ముహిబ్బుల్లా అను సాధుపురుషుని దర్శించి, అటు పిమ్మట ఢిల్లీకి పోవలెనని ఆయన సంకల్పము. కాని బహమనీ సుల్తాను రెండవ అలాఉద్దీన్ అహమ్మద్ షా ఆయన పాండిత్యమును, మాటల నేర్పును చూచి ముగ్ధుడై ఆస్థానమున నిలుపుకొనెను. ఢిల్లీ ప్రయాణము శాశ్వతముగ ఆగిపోయినది. కొలువు కుట్రలకు వెరచి స్వదేశము విడిచినవాడు మరియొక దేశపు కొలువున ప్రవేశించెను. ఇది విధి విలాసము కాక వేరేమి?

నల్లగొండ నుండి మంత్రిపదవి వరకు

ఆయనకు తొలిగా అప్పగింపబడిన కార్యము మన తెలంగాణమునకు సంబంధించినది. నల్లగొండయందు జలాల్‌ఖాను అను సర్దారు తిరుగుబాటు చేయగా, సుల్తాను మహమూద్ గవాన్‌ను ఒక చిన్న సేనతో పంపెను. అంతవరకు కత్తి పట్టి యెరుగని వర్తకుడు ఆ తిరుగుబాటును అణచి, లొంగినవారికి ప్రాణభిక్ష పెట్టించెను. శత్రువును చంపుట కంటె లొంగదీయుట మేలను వర్తకనీతిని ఆయన రాజనీతిలో ప్రవేశపెట్టెనని చెప్పవచ్చును.

1458లో సింహాసన మెక్కిన హుమాయూన్ షా ఆయనకు మలికుత్తుజ్జారు అను బిరుదునిచ్చి ఉన్నత పదవియందు నిలిపెను. ఆ బిరుదునకు వర్తకులకు రాజు అని అర్థము. ఒక రాజ్యములో ప్రధానమైన బిరుదు వర్తకుని పేర నుండుట గమనింపదగినది. దక్కను పీఠభూమి వాతావరణము మేలుజాతి గుఱ్ఱముల పెంపకమున కనువైనది కాదు. అరబ్బు, పారసీక దేశముల నుండి హొర్ముజు రేవు మీదుగ ఓడలలో గుఱ్ఱములు రావలసియుండెను. ఆశ్వికదళము లేనిదే రాజ్యము నిలువదు. వర్తకుడు లేనిదే గుఱ్ఱము రాదు. ఆ ఓడలలో గుఱ్ఱములతోపాటు బానిసలుగ అమ్ముడుపోవు మనుష్యులు కూడ నుండిరన్న సంగతిని మాత్రము మనము మరువరాదు.

హుమాయూన్ 1461లో మరణింపగా, ఎనిమిదేండ్ల నిజాం షా రాజయ్యెను. రాజమాత, ఖ్వాజా జహాన్ తుర్కు, మహమూద్ గవాన్ – ఈ మువ్వురు కలిసి బాలుని పేర పరిపాలించిరి. తూర్పు నుండి కపిలేంద్ర గజపతి, ఉత్తరము నుండి మాళవ సుల్తాను మహమూద్ ఖిల్జీ ఒకరి వెంట నొకరు రాజ్యముపై బడిరి. 1462లో మాళవసేన బీదరునే ముట్టడించెను. అంతట గవాన్ గుజరాతు సుల్తానునకు లేఖ వ్రాసి సహాయము తెప్పించి రాజధానిని కాపాడెను. 1463లో బాలరాజు మరణింపగా ఆతని తమ్ముడు మూడవ మహమ్మద్ షా గద్దె నెక్కెను. 1466 నాటికి గవాన్ రాజ్యమునకంతకును ప్రధానమంత్రి అయ్యెను. అటు పిమ్మట పదునైదు సంవత్సరములు బహమనీ రాజ్యము ఆయన చేతిమీదుగ నడచినది.

సముద్రము కొరకు యుద్ధము

కొంకణమునందలి దుర్గాధిపతులు ఓడలను దోచుచుండిరి. సముద్రపు బాట భద్రముగ నుండనిచో దక్కను రాజ్యమునకు ఊపిరి లేదని గవాన్ ఎరుగును. 1469 మొదలు మూడేండ్లు ఆయన సహ్యాద్రి అడవులలో స్వయముగ యుద్ధము నడపి, ఖేల్నా మున్నగు దుర్గములను గైకొని, 1472 ఫిబ్రవరిలో గోవా రేవును పట్టుకొనెను. అంతవరకు విజయనగరమునకు గుఱ్ఱములు చేరు ప్రధాన ద్వారమది. అనంతరము బెళగాము కోట ముట్టడిలో, గోడల క్రింద సొరంగములు త్రవ్వి మందుగుండు పెట్టి పేల్చు పద్ధతిని ప్రయోగించిరి. దక్కనున ఇది అంతవరకు ఎరుగని విద్య అని చరిత్రకారుడు ఫరిస్తా వ్రాసెను. నేలను త్రవ్వి, మందు కూరి, రాతిని పగులగొట్టుట నిత్యకృత్యముగ నున్న మన బొగ్గుగనుల ప్రాంతమువారికి ఆ విద్యలోని శక్తియు, ప్రమాదమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఆయన యుద్ధములన్నియు ధర్మయుద్ధములని చెప్పుట చరిత్రకు న్యాయము కాదు. దోపిడియు, రక్తపాతమును ఆ కాలపు సేనలన్నిటితోపాటు ఆయన సేన వెంటను నడచినవి. ఆయన గొప్పతనమును మనము యుద్ధరంగమున గాక ఇతరత్ర వెదుకవలెను.

1470 ప్రాంతములలో రష్యా దేశపు త్వేరు నగరము నుండి అఫనాసీ నికితిన్ అను క్రైస్తవ వర్తకుడు ఒక గుఱ్ఱమును వెంటబెట్టుకొని దక్కనునకు వచ్చెను. జున్నరునందలి అధికారి ఆ గుఱ్ఱమును లాగికొని, మతము మార్చుకొన్నచో తిరిగి ఇత్తునని నిర్బంధింపగా, ఖొరాసాను దేశీయుడైన ఒక ముసల్మాను పెద్ద అడ్డుపడి ఆతని మతమును, గుఱ్ఱమును రెంటిని కాపాడెను. నికితిన్ బీదరు చేరి తాను చూచినదంతయు వ్రాసిపెట్టెను. మలికుత్తుజ్జారు వైభవమును, ఆయన వెంట నడచు సేనలను వర్ణించెను. సర్దారులు మిక్కిలి ధనవంతులుగను, పల్లె జనులు మిక్కిలి బీదలుగను ఉన్నారని కూడ నిర్మొగమాటముగ వ్రాసెను. పరదేశి కంటికి కనబడిన ఈ నిజము మంత్రి కంటికి కూడ కనబడినదనుటకు ఆయన చేసిన సంస్కరణలే సాక్ష్యము.

సంస్కరణలు

నాడు బహమనీ రాజ్యము నాలుగు తరఫులుగ విభక్తమైయుండెను. ఒక్కొక్క తరఫుదారు ఒక చిన్న రాజువలె వ్యవహరించుచు, తన సీమలోని కోటలన్నిటిని తన చేతిలో నుంచుకొనెడివాడు. గవాన్ నాలుగు తరఫులను ఎనిమిదిగ విభజించెను. మన తెలంగాణము ఓరుగల్లు, రాజమహేంద్రవరము అను రెండు తరఫులయ్యెను. తరఫుదారు స్వాధీనమున ఒక్క కోటను మాత్రమే ఉంచి, తక్కిన కోటలకు రాజధాని నుండియే కిల్లేదారులను నియమించెను. ప్రతి తరఫులోను కొన్ని గ్రామములను వేరుచేసి వాని ఆదాయమును నేరుగ రాజభాండాగారమునకు చేర్చెను. భూములను కొలిపించి, గ్రామముల హద్దులను నిర్ణయించి, శిస్తును ఆ కొలతపై నిర్ణయించు ఏర్పాటు చేసెను. సేనానులకు జీతము హెచ్చించెను. ఐదువందల భటులను పోషించువానికి లక్ష హొన్నులకు బదులు లక్షా ఇరువదియైదు వేల హొన్నులు ఇప్పించెను. కాని భటులు లెక్కకు తక్కువైనచో ఆ మేరకు సొమ్ము కోత వేయించెను. లేని పేర్లు చూపి జీతములు తినుట నాడును కలదన్నమాట. వర్తకుడు చిట్టా తప్పనివ్వడు. ఈ కచ్చితమే ఆయనకు మృత్యుహేతువయ్యెను.

మదరసా – లేఖలు

1472లో బీదరు నగరమున ఆయన నిర్మింపించిన మదరసా ఆయన కీర్తికి స్థిరమైన స్తంభము. రెండువందల అయిదు అడుగుల పొడవు, నూట ఎనుబది అడుగుల వెడల్పు గలిగిన మూడంతస్తుల భవనమది. విద్యార్థులకు ముప్పదియారు గదులు, ఆచార్యులకు వేరు వసతులు, ఉపన్యాసశాల, మసీదు, మూడువేల వ్రాతప్రతులున్నదని చెప్పబడు గ్రంథాలయము అందుండెను. ముంగిట నూరడుగులు మించిన మీనారులు నిలిచెను. గోడలకు నీలము, పసుపు, తెలుపు రంగుల మెరుగుపలకలు తాపించిరి. ఈ శిల్పము దక్కనున పుట్టినది కాదు. సమర్ఖందునందు ఉలుగ్ బేగ్ కట్టించిన మదరసాను, ఖొరాసానునందలి విద్యాలయములను చూచినవారికి బీదరు మదరసా వాని తోబుట్టువని తోచును. సోగ్దుల పురాతన నగరపు సౌందర్యము ఈ విధముగ మన మంజీరా నదీతీరపు సీమను చేరినది.

అచ్చట చదువు, భోజనము, వసతి ఉచితము. దూరదేశముల నుండి పండితులను గవాన్ ఆహ్వానించెను. హెరాతునందున్న మహాకవి జామీకి స్వయముగ ఆహ్వానము పంపెను. జామీ రాలేదు గాని, ఇరువురకు లేఖామైత్రి కుదిరినది. సమర్ఖందు సాధువు ఖ్వాజా ఉబైదుల్లా అహ్రారునకును, తుర్కీ సుల్తాను రెండవ మహమ్మదునకును ఆయన వ్రాసిన లేఖలు రియాజుల్ ఇన్షా అను సంపుటముగ నేటికిని నిలిచియున్నవి. లేఖారచన శాస్త్రమును గూర్చి మనాజిరుల్ ఇన్షా అను గ్రంథమును గూడ ఆయన రచించెను. బీదరునకును ఇస్తాంబూలునకును నడుమ నెలల ప్రయాణమున్న దినములలో, వర్తకుల చేతిసంచులే ఆయనకు తపాలా.

ఇంతటి అధికారమున్నను ఆయన స్వంత జీవితము నిరాడంబరమైనది. చాపపై నిద్ర, మట్టిపాత్రలో భోజనము అని చరిత్రకారులు వ్రాసిరి. ఆయనకు రెండు ఖజానాలు ఉండెడివట. జాగీరు ఆదాయమంతయు సేనకును, ఏనుగులకును, గుఱ్ఱములకును వ్యయమగుచుండెను. స్వదేశము నుండి తెచ్చిన నలువది వేల లారీ నాణెముల మూలధనముతో సాగిన వర్తకపు లాభమే ఆయన తిండికిని, బట్టకును, దానధర్మములకును ఆధారము. ప్రభుత్వపు సొమ్మును, స్వంతపు సొమ్మును ఒక్కచోట చేర్చని మంత్రి ఏ కాలముననైనను అరుదే.

కొండపల్లి

బహమనీ కొలువున రెండు పక్షములుండెను. దేశమందే పుట్టి పెరిగినవారు దఖ్ఖనీలు. పారసీకము, తుర్కిస్తానము, అరబ్బు దేశముల నుండి వచ్చినవారు ఆఫాకీలు. పదవులన్నియు పరదేశీయులే కొల్లగొట్టుచున్నారని దఖ్ఖనీలకు కోపము. రాజ్యమును నిలుపువారము మేమేయని ఆఫాకీలకు గర్వము. ఈ కలహము వలన అనేకులు హతులైరి. గవాన్ పరదేశి అయ్యును పదవులను రెండు పక్షములకును సమముగ పంచుటకు ప్రయత్నించెను. రాజమహేంద్రవరపు తరఫును దఖ్ఖనీ నాయకుడైన మలిక్ హసన్ నిజాముల్ ముల్కునకే ఇప్పించెను. కాని సంస్కరణల వలన అధికారము తగ్గినవారికి ఆయన న్యాయము అన్యాయముగ తోచెను. తెలంగాణమును రెండు తరఫులుగ చీల్చుట మలిక్ హసన్‌కు మానని గాయమయ్యెను.

1481లో సుల్తాను తూర్పుతీరమునను, కంచి వరకును దండయాత్రలో నుండెను. అదను చూచి శత్రువులు గవాన్ ముద్రాధికారితో స్నేహము నటించి, వానికి మద్యము పోసి, ఒక తెల్లకాగితముపై మంత్రి ముద్ర వేయించుకొనిరి. ఆ కాగితముపై ఒరిస్సా ప్రభువైన పురుషోత్తమ గజపతికి గవాన్ వ్రాసినట్లు, సుల్తానుపై దండెత్తి రమ్మని పిలిచినట్లు ఒక లేఖను కల్పించి సుల్తాను చేతికి చేరునట్లు చేసిరి. సుల్తాను మద్యపానమత్తుడై యుండెను. విచారణ లేదు, సాక్షులు లేరు.

పిలుపు వచ్చినపుడు పోవలదని, గుజరాతునకు తప్పించుకొని పొమ్మని మిత్రులు బ్రతిమాలిరి. నిర్దోషి పారిపోనవసరము లేదని ఆ వృద్ధుడు నిశ్చయించుకొనెను. ద్రోహికి తగిన శిక్ష యేమని సుల్తాను ప్రశ్నింపగా మరణమేయని బదులిచ్చెను. లేఖను చూపగా, ముద్ర తనదే గాని వ్రాత తనది కాదని స్పష్టముగ చెప్పెను. ముదుసలి ప్రాణము పోవుట పెద్ద సంగతి కాదని, దాని వెంట రాజ్యము పోవునని హెచ్చరించెనట. 1481 ఏప్రిల్ 5వ తేదీన, కొండపల్లి శిబిరమున, జౌహర్ అను హబ్షీ బానిస కత్తికి ఆ డెబ్బదియేండ్ల పండితుని శిరస్సు నేలగూలినది. జీవితమంతయు అక్షరమునే నమ్మినవానిని ఒక దొంగ అక్షరము పొట్టనబెట్టుకొనినది.

ఆయన ధనరాశులను పట్టుకొనుటకు పోయిన రాజభటులకు ఖజానాలలో కొద్దిపాటి నాణెములు తప్ప మరేమియు దొరకలేదు. సత్యము తెలిసికొన్న సుల్తాను పశ్చాత్తాపముతో కుమిలి, మరుసటి సంవత్సరము మార్చిలో మరణించెను. కుట్ర పన్నిన మలిక్ హసన్ సైతము కొద్ది సంవత్సరములలోనే బీదరున హతుడయ్యెను. తరఫుదారులొక్కొక్కరే స్వతంత్రులైరి. బిజాపురము, అహమ్మదునగరము, బేరారు, గోలకొండ, బీదరు అని బహమనీ రాజ్యము అయిదు ముక్కలయ్యెను. వృద్ధుని హెచ్చరిక అక్షరాల నిజమైనది.

ఆయన విడిచిపోయిన విత్తనము

బాట మాత్రము చెరిగిపోలేదు. పారసీకమునందలి హమదాను నుండి వచ్చిన సుల్తాన్ కులీ గోలకొండలో కుతుబ్‌షాహీ వంశమును స్థాపించెను. ఆ వంశపు ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చెను. ఆ కాలముననే పొన్నెగంటి తెలగన్న అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రమును అమీన్‌ఖానునకు అంకితము చేసెను. దూరదేశమునుండి వచ్చినవారి సంతతి తెలుగు కావ్యములకు కృతిభర్తలైరి. మన నోటిలో బజారు, దుకాణము, ఖర్చు, జమా, రసీదు అను మాటలు పరాయివని తోచనంతగ కలిసిపోయినవి. మన పొరుగుననే యున్న కోరుట్ల నిజాము కాలమున చేతికాగితమునకు పేరుపొందినది. సోగ్దుల మాట కోరుట్ల తొట్టెలలో తెలుగుమాటయై తేలినది.

బీదరు మదరసాలో సగము 1696లో మందుగుండు పేలుడువలన కూలిపోయినది. మిగిలిన గోడలమీద నీలిపలకలు నేటికిని మెరయుచున్నవి. హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖాధిపతి గులాం యజ్దానీ 1947లో బీదరు కట్టడములపై ప్రామాణిక గ్రంథమును ప్రకటించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రాచార్యుడు హారూన్‌ఖాన్ షేర్వాణీ 1942లోనే గవాన్ జీవితమును గ్రంథరూపమున అందించెను. ఆ శిథిలములు కర్ణాటక రాష్ట్రమున ఉన్నవి. మన ప్రాంతమునుండి చూచిరాదగిన దూరమే. విద్యార్థులు ఒకసారి దర్శింపవలెను.

మన గోదావరిఖని, రామగుండము ప్రాంతములు కూడ నలుదెసలనుండి వచ్చినవారితో ఏర్పడినవే. బొగ్గు కొరకు, విద్యుత్తు కొరకు, బ్రతుకుతెరువు కొరకు ఎందరో వచ్చి ఇచ్చట కాపురములు పెట్టిరి. ఎవరు ఈ ఊరివారు, ఎవరు పైఊరివారు అను ప్రశ్న ఇచ్చటను అప్పుడప్పుడు తల యెత్తుచునే యుండును. ఆ ప్రశ్నలో ఒక్కొక్కప్పుడు న్యాయమైన బాధయు ఉండును, దానిని కాదనరాదు. దఖ్ఖనీల బాధలోను కొంత నిజమున్నది. కాని ఆ బాధను కుట్రగ మార్చినవారు పరదేశిని చంపి స్వదేశమునే పోగొట్టుకొనిరి. మహమూద్ గవాన్ ఈ నేలపై పుట్టలేదు. అయినను ఈ నేల భూములను కొలిపించి, ఈ నేల బిడ్డలకు చదువు చెప్పించి, ఈ నేల కొరకే ప్రాణమిచ్చి, బీదరు సమీపమున ఈ మట్టిలోనే విశ్రమించినాడు. మనిషి ఏ ఊరివాడో పుట్టుక చెప్పును. ఏ ఊరికి చెందినవాడో ఆతడు చేసిన పని చెప్పును. తెలుగును, ఉర్దూను ఒక్క కప్పు క్రింద చదువుకొను విద్యార్థులకు ఈ బేహారి జీవితము కంటె మంచి పాఠము వేరొకటి కలదా?